బోటు ఇంజను నాడి చూడడం: కొంత చరిత్ర, కొంత స్వానుభవం

ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని సంఘం కార్యదర్శి గారు కోరారు. పోర్టు గురించో, సింహాచలం గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం మత్స్యకారుల బోట్ల రుణాల ఫైళ్లు చూసిన గుమాస్తాను. ఇప్పుడు ఉక్కునగరంలో మా అబ్బాయి క్వార్టరులో ఉంటున్నాను. ఉదయం నడకలో నాతో వచ్చే మిత్రులు చాలావరకు స్టీల్ ప్లాంటులో యంత్రాలతో జీవితం గడిపినవారు. వారి మధ్య కాగితాలతో గడిపినవాడిని నేనొక్కడినే. అయినా యంత్రం గురించి నేనూ ఒక పాఠం నేర్చుకున్నాను. అదే ఇక్కడ వ్రాస్తున్నాను.

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మనందరికీ అనుభవమే. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిలు ఇంజను నడిచేది ఈ ఒక్క సూత్రం మీదనే. పెట్రోలు ఇంజనులో మాదిరి నిప్పురవ్వ కోసం దీనికి ప్లగ్గు ఉండదు. పిస్టను పైకి వచ్చి సిలిండరులోని గాలిని సుమారు 16 నుంచి 18వ వంతుకు కుదిస్తుంది. గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. ఆ గాలి ఎక్కడైనా కారిపోతే తగినంత ఒత్తిడి ఉండదు, తగినంత వేడీ ఉండదు. ఇంజను ఉదయం మొరాయిస్తుంది, తెల్లటి పొగ వదులుతుంది, వల లాగే బలం చాలదు. దీనినే కంప్రెషన్ తగ్గడం అంటారు. మన బి.పి. లాంటిదే అనుకోండి. కాకపోతే మనకు పెరిగితే భయం, ఇంజనుకు తగ్గితే భయం.

సిలిండరు లోపలి ఒత్తిడిని కొలవాలన్న ఆలోచన డీజిలు ఇంజను కంటే పాతది. ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్, ఆయన సహాయకుడు జాన్ సదరన్ 1796 ప్రాంతంలో ఇండికేటరు అనే పరికరాన్ని తయారు చేశారు. అది పిస్టను కదలికతోపాటు ఒత్తిడిని కాగితం మీద గీత గీసి చూపేది. ఈ కిటుకును వారు చాలా ఏళ్లు బయటకు పొక్కనివ్వలేదు. తర్వాత దాదాపు వందేళ్లకు, 1893లో, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ తన మొదటి ఇంజనును పరీక్షించినప్పుడు లోపలి ఒత్తిడికి ఆ ఇండికేటరే పేలిపోయింది. ఆయనకు తృటిలో ప్రాణాపాయం తప్పింది. పట్టు వదలక 1897 ఫిబ్రవరిలో ఇంజనును విజయవంతంగా నడిపి చూపించారు. ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా అది పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు అందులో సగం కూడా చేయలేకపోయేవి.

మన తీరంలో తరతరాలుగా తెప్పా, నావా నడిచినది గాలితోనూ, తెడ్డుతోనూ. స్వాతంత్ర్యం వచ్చాక ప్రణాళికల కాలంలో మరబోట్లు వచ్చాయి. 1952లో కుదిరిన ఇండో-నార్వే ఒప్పందంతో కేరళలో కొల్లం దగ్గర నీండకరలో మొదలైన ప్రయత్నం దేశానికి దారి చూపింది. విశాఖలో రొయ్యల వేట పెరిగిన కొద్దీ పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అనే రకాల బోట్లు వచ్చాయి. పాబ్లో సుమారు 30 అడుగులు, సోనా 40 అడుగులు దాటినది. 1976లో ఫిషింగ్ హార్బరు ఏర్పడింది. బోట్లకు బ్యాంకు రుణాలు, ప్రభుత్వ రాయితీలు వచ్చాయి. వాటితోపాటే మా బల్ల మీదకు ఫైళ్లూ వచ్చాయి.

1983లో అనుకుంటాను, జాలారిపేట నుంచి ఒక మత్స్యకారుడు దరఖాస్తు పట్టుకొని వచ్చాడు. "బాబూ, ఇంజిను సచ్చిపోనాదంట. కొత్తది ఇప్పించండి బాబూ" అన్నాడు. దరఖాస్తుకు ఒక వర్క్‌షాపు ఇచ్చిన ధ్రువపత్రం జతచేసి ఉంది: "కంప్రెషన్ లేదు, ఇంజను మార్చవలెను." నేను యథాప్రకారం నోటు వ్రాసి పైకి పంపాను. సూపరింటెండెంటు గారు దానిని తిప్పి పంపారు. మార్జినులో ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: "ఎంత?"

ఎంత అంటే ఏమిటో నాకు తెలియలేదు. మా వీధిలో యంత్రాల పనిలో రిటైరైన ఒక మేస్త్రి గారు ఉండేవారు. ఆయనను బతిమాలి ఆదివారం నాడు హార్బరుకు తీసుకెళ్లాను. అది మూడు సిలిండర్ల ఇంజను. ఆయన ముందు గాలి ఫిల్టరు విప్పి దులిపారు. బ్యాటరీ బాగుందో లేదో చూశారు. "ఇంజను నిదానంగా తిరిగితే మంచి సిలిండరు కూడా తక్కువే చూపిస్తుంది గుమాస్తా గారూ" అన్నారు. ఇంజనును కాసేపు నడిపి వేడెక్కించారు. తర్వాత డీజిలు ఆపి, ఇంజక్టరు తీసిన రంధ్రంలో గేజి బిగించి, ఒక్కొక్క సిలిండరు చూశారు. చదరపు సెంటీమీటరుకు మొదటిది 26 కిలోలు, రెండోది 17, మూడోది 25. ఒకటి నుంచి మరొకటికి పదో వంతు తేడా ఉంటే సర్దుకోవచ్చు. ఇది మూడో వంతు.

ఆ రెండో సిలిండరులో ఒక చిన్న చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూశారు. ఎక్కువ పోయరాదట. ఆయిలు నలగదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. రింగులు అరిగిపోయి ఉంటే ఈ ఆయిలు సందులు కప్పి, అంకె బాగా పెరగాలి. 17 కాస్తా 18 అయింది, అంతే. "రింగుల తప్పు కాదు" అన్నారు. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గి, నీళ్లలో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్టును అనుమానించాలట. అదీ లేదు. చివరకు పిస్టనును పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండవలసిన స్థితిలో నిలిపి, లోపలికి గాలి ఎక్కించి, పొగగొట్టం దగ్గర చెవి పెట్టారు. నన్నూ వినమన్నారు. సన్నగా బుస్సుమన్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు గాలి వచ్చే దారిలో వినిపిస్తే లోపలికి గాలి తెచ్చే వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, పొగగొట్టంలో వినిపిస్తే పొగ వాల్వు.

హెడ్డు విప్పి చూస్తే వాల్వు కూర్చునే చోటు కాలి గుంటలు పడి ఉంది. టాపెట్టులో ఉండవలసిన సందు లేకపోవడం వల్ల వాల్వు పూర్తిగా మూసుకోక, వేడిపొగ ఆ దారిన పోయి కాల్చేసింది. వాల్వుకు పేస్టు పూసి సీటు మీద రుద్ది సరిచేశారు. కొత్త గాస్కెట్టు వేసి, టాపెట్టు సందు సరిపెట్టారు. అంకె 25కు వచ్చింది. వేల రూపాయల అప్పుతో తీరవలసిన పని వందల రూపాయలతో తీరింది. ఆ మనిషి దరఖాస్తు వెనక్కు తీసుకుంటూ నాకు దండం పెట్టాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఇలాంటి ధ్రువపత్రమే మరొకరికి వచ్చింది. అందులోనూ అంకె లేదు. నోటు నేనే వ్రాశాను, రుణం మంజూరైంది, కొత్త ఇంజను వచ్చింది. వాయిదాలు కట్టలేక అతను బోటు అమ్ముకున్నాడు. మేస్త్రి గారితో హార్బరుకు వెళ్లిన రోజునే అతను వేరేవారి బోటులో కలాసీగా వల సర్దుతూ కనిపించాడు. "బాగున్నారా బాబూ" అని పలకరించాడు. అతని పాత ఇంజనుకు నిజంగా ఆయువు తీరిందో, వాల్వు మాత్రమే కాలిందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత నా బల్ల దగ్గరకు వచ్చిన ప్రతి ధ్రువపత్రంలో సిలిండరు వారీగా అంకెలు, ఆయిలు పోయకముందు, పోసిన తరువాత, వ్రాయించేవాడిని. విసుక్కున్నవారు ఉన్నారు. రిటైరయ్యే దాకా మానలేదు.

కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ 1981లోనే విశాఖలో తన శాఖను తెరిచింది. అక్కడ కుర్రవాళ్లు మెరైన్ ఫిట్టరు కోర్సులో ఈ పని పద్ధతిగా నేర్చుకుంటున్నారు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్ల మరమ్మతులకు అదే అదను. మన సభ్యుల పిల్లల్లో, బంధువుల్లో బోట్లు ఉన్నవారు ఉంటే ఒక మాట చెప్పండి. ఇంజను మార్చాలని ఎవరైనా అంటే, అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందు "ఎంత?" అని అడగమనండి. గేజి బిగించి చూడడానికి ఒక పూట చాలు.

మేస్త్రి గారు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆ ఆదివారం ఆయనకు నేను ఇచ్చింది ఒక టీ మాత్రమే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.