పిస్తోలులోని ప్రక్షిప్తములు

ప్రాచీన తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులు మొట్టమొదట వేసికొను ప్రశ్న ఒకటి కలదు. ఇందు కవి వ్రాసిన దేది, తరువాతివారు చేర్చిన దేది? ఈ ప్రశ్న కావ్యములకే పరిమితమైనది కాదు. చేతులు మారిన ప్రతి వస్తువును గూర్చియు అడుగదగినదే. పాత గడియారము కొనువాడు వెనుక మూత తెరిపించి చూచుట ఇందుకే. నేటి ప్రసంగమునకు మేము గైకొన్న వస్తువు గడియారముకంటె ప్రమాదకరమైనది. అది అమెరికా సైన్యము 1911లో స్వీకరించిన కోల్టు పిస్తోలు. దాని లోపలి భాగములపై ఎవరెవరి చేతులు పడినవో పోల్చుకొనుట కూడ ఒక విధమైన గ్రంథ పరిష్కరణమే.

ఈ పిస్తోలును రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు. ఆయన 1855లో యూటా ప్రాంతమున ఆగ్డెన్ పట్టణములో, తుపాకులు చేయువారి ఇంట జన్మించెను. 1911 మార్చిలో జరిగిన పరీక్షయందు ఆయన పిస్తోలు 6,000 తూటాలను ఒక్కమారైనను మొరాయింపక పేల్చినది. ఆ నెల 29వ తేదీన సైన్యము దానిని స్వీకరించెను. 1985లో ఇటలీవారి బెరెట్టా పిస్తోలు ఎంపికగువరకు, అనగా డెబ్బది యేండ్లకు పైగా, అదియే అమెరికా సైన్యపు ప్రధాన పిస్తోలుగా నుండెను.

దాని పనితీరును కొంచెము తెలిసికొందము. గొట్టమును పైనుండి కప్పియుండు ఉక్కు తొడుగునకు స్లైడు అని పేరు. చేతికి పట్టునిచ్చు క్రింది భాగము ఫ్రేము. తూటా పేలిన ధాటికి గొట్టము, స్లైడు కలిసి కొంత వెనుకకు జరుగును. గొట్టము క్రిందనున్న చిన్న లంకె దానిని దిగువకు లాగగా, స్లైడు విడివడి తానొక్కటే వెనుకకు పోవును. పోవుచు ఖాళీ తూటా గుల్లను బయటికి విసరి, సుత్తిని ఎక్కుపెట్టును. స్ప్రింగు బలమున తిరిగి వచ్చుచు క్రొత్త తూటాను గొట్టములోనికి నెట్టును. మరల పేల్చవలెనన్న మీటను వదలి, మరల నొక్కవలెను. అందుచేతనే దీనిని అర్ధ స్వయంచాలితమందురు.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చుసరికి కోల్టు కర్మాగారమొక్కటే సైన్యపు అవసరమును తీర్చజాలకపోయెను. టైపు మిషన్లు చేయు రెమింగ్టన్ ర్యాండు 8 లక్షలకు పైగా పిస్తోళ్లను చేసి ఇచ్చెను. రైలు సిగ్నళ్లు చేయు యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ సుమారు 55,000 చేసెను. కుట్టు మిషన్లకు పేరుపొందిన సింగరు చేసినవి 500 మాత్రమే. ఏ కర్మాగారమున చేసిన భాగమైనను మరి యే కర్మాగారపు పిస్తోలులోనైనను అమరవలెనని సైన్యపు నియమము. విరిగిన రెండు పిస్తోళ్లనుండి పనిచేయు పిస్తోలు నొకదానిని తయారు చేసికొనగలుగుట సైనికునకు వరము. చరిత్రకారునకు అదియే చిక్కు. అన్నిటితోను అన్నియు కలియునప్పుడు, ఏది దేనితో పుట్టినదో చెప్పుట యెట్లు?

ఈ చిక్కును విప్పవలెనన్న పిస్తోలుపై పడిన చేతులను మూడు తెగలుగా విభజింపవలెను.

మొదటిది ఆయుధాగారపు చేయి. యుద్ధములలో అరిగిన పిస్తోళ్లను ఆగస్టా, రాక్ ఐలండ్, స్ప్రింగ్‌ఫీల్డు మున్నగు ఆయుధాగారములకు చేర్చి, విడదీసి, పరీక్షించి, మంచి భాగములతో మరల కూర్చెడివారు. అందుచేత కోల్టు ఫ్రేముపై రెమింగ్టన్ ర్యాండు స్లైడు కనిపించుట సాధారణము. మొదటి ప్రపంచ యుద్ధకాలపు పిస్తోలునకు నీలి పూత యుండవలెను. అది బూడిదరంగు ఫాస్ఫేటు పూతతో కనిపించినచో తరువాతి కాలమున ఆయుధాగారము చూచి వచ్చినదని ఊహింపవచ్చును. పని ముగిసిన పిమ్మట పలుమారు ఫ్రేముపై ఆగస్టావారు ఎ.ఎ. అనియు, రాక్ ఐలండ్‌వారు ఆర్.ఐ.ఎ. అనియు ముద్ర వేసిరి. దేవాలయపు జీర్ణోద్ధరణ శాసనము వంటిదే ఈ ముద్ర.

రెండవది గురి పోటీల చేయి. ఒహాయోలోని క్యాంపు పెర్రీలో జరుగు జాతీయ పోటీలకై, 1950 దశకపు మధ్యభాగమునుండి స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధాగారమున నిపుణులు కొన్ని పిస్తోళ్లను ప్రత్యేకముగా సవరించిరి. స్లైడు ఫ్రేముపై కదలాడక జరుగునట్లు బిగించి, గొట్టమును చేతితో అమర్చి, భాగములపై ఎన్.ఎం. అను అక్షరములు వేసిరి. ఇదియు ముద్రగల మార్పే.

మూడవది సాధారణముగా ముద్ర లేని చేయి, సొంత పనివానిది. 1976లో మిస్సోరీలోని కొలంబియా నగరమున వేగపు గురి పోటీలకు అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది. ఈ పోటీలు ప్రబలినకొలది, దుకాణములో కొన్న పిస్తోలును తెరచి మార్పించుకొనుట పెరిగినది. లంకెకు బదులు కొంచెము పొడవైన లంకె, స్ప్రింగు నడుమ నిలువునా సాగిన కడ్డీ, దెబ్బ తగులకుండ పెట్టిన రబ్బరు బిళ్ల, ఇవి చాలవరకు పిస్తోలును విప్పినగాని కనబడవు. వీనిలో చాలభాగము నిరపాయకరములే. పరీక్షకుని కన్ను మీటకు, సుత్తికి నడుమనున్న భాగములపై నిలువవలసియున్నది.

ఎక్కుపెట్టిన సుత్తిని పట్టి ఆపునది సియరు అను చిన్న ఉక్కు ముక్క. సుత్తి గాటుపై అది ఆనుకొను మేర ఒక మిల్లీమీటరునకు లోపుగనే యుండును. సైన్యపు పిస్తోలు మీటను లాగుటకు రెండుంబావు మొదలు మూడు కిలోల వరకు బలము కావలెను. దానిని తేలిక చేయగోరి ఆకురాయితో ఆ అంచును అరగదీసినవారు కలరు. నేర్పుగలవాడు చేసిన పని కొంతకాలము నిలచును. నేర్పు లేనివాని చేతిలో ఆ అంచు నిలువక, స్లైడు మూసికొనినంతనే సుత్తి జారును. 1983 నుండి కోల్టువారు కొన్ని నమూనాలలో, మీటను నొక్కినగాని తూటాను కొట్టు సూది కదలకుండ ఒక అడ్డు నమర్చిరి. పిస్తోలు చేజారి పడినను పేలకుండుట దాని ఉద్దేశము. మీట నునుపుగా లాగవలెనని కొందరు ఆ అడ్డును తీసివేయించిరి. అట్టి పిస్తోలును తరువాత కొన్నవానికి ఆ లోపము పైకి కనబడదు. పాత పిస్తోలును విశ్వసించుటకు ముందు దానిని ఖాళీ చేసి నిపుణునిచే విప్పించి చూపించుట ఇందుకే.

నిపుణుడు అడుగు సాక్షులు మూడు: ముద్ర, పూత, అరుగుదల. పూత వేసిన పిమ్మట ఆకురాయి తగిలినచోట ఉక్కు తెల్లగా మెరయును. కలిసి పనిచేసిన రెండు భాగములు ఒకదానికొకటి సరిపోవునట్లు అరుగును. ఒకటి అరిగి రెండవది క్రొత్తగా నున్నచో, అవి కలిసి పెరిగినవి కావు.

ఇచట మేము శ్రోతలకు మనవి చేయవలసిన విశేషమొకటి కలదు. పాత ఆయుధములు సేకరించువారు అన్ని భాగములు ఒకే కర్మాగారమునకు చెందిన పిస్తోలునకు హెచ్చు వెల ఇత్తురు. అందుచేత ఆయుధాగారము కలగలుపుగా కూర్చిన పిస్తోలును కొందరు విప్పి, పాత భాగములు వెదకి తెచ్చి, పుట్టినప్పటి రూపమునకు మార్చుచుందురు. చూపునకు అది శుద్ధప్రతి. నిజమునకు అదియే తాజా ప్రక్షిప్తము. అన్నియు చక్కగా సరిపోయిన పిస్తోలునే పరీక్షకుడు మరింత శంకతో చూచును. 2018లో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం అను సంస్థ సైన్యపు గిడ్డంగులలో మిగిలిన ఈ పిస్తోళ్లను అర్హులైన అమెరికా పౌరులకు విక్రయింప నారంభించినప్పుడు, వానిలో పెక్కు ఇట్టి కలగలుపు పిస్తోళ్లే. ఒక యుద్ధమున అరిగి, ఆయుధాగారమున బాగుపడి, వేరొక యుద్ధమునకు తరలిన ఆయుధపు యథార్థ చరిత్ర ఆ అతుకులలోనే కలదు. వానిని చెరిపి చేసిన అందము చరిత్ర కాజాలదు.