శ్రీకాకుళం జిల్లా: నదులు, తీరం, ప్రజాజీవనం

ఆంధ్రప్రదేశ్ ఈశాన్య సరిహద్దున, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ విస్తరించిన జిల్లా శ్రీకాకుళం. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుండి విడివడి ఏర్పడింది. 1979లో కొంత భాగం కొత్తగా ఏర్పడిన విజయనగరం జిల్లాలో చేరింది. 2022 పునర్విభజనలో పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాకు వెళ్లాయి. సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరంతో ఈ జిల్లా రాష్ట్రంలో ప్రథమ స్థానంలో ఉన్నది.

భౌగోళిక స్వరూపం

నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు ఒడిశా కొండలలో పుట్టి జిల్లా గుండా ప్రవహిస్తాయి. వంశధార కళింగపట్నం వద్ద, మహేంద్రతనయ బారువ వద్ద సముద్రంలో కలుస్తాయి. వంశధారపై హిరమండలం సమీపాన గల గొట్టా బ్యారేజి ఆయకట్టు రైతులకు ఆధారం. ఈ ఆయకట్టుకు దూరంగా, ఉత్తర తీరం వెంబడి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలతో కూడిన ప్రాంతమే ఉద్దానం.

వ్యవసాయం, వృత్తులు

జిల్లాలో వరి ప్రధాన పంట. ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధి. పలాసలో జీడిపప్పు పరిశ్రమ అనేక కుటుంబాలకు, ముఖ్యంగా మహిళలకు, ఉపాధి కల్పిస్తున్నది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పట్టును గనుక, కొద్ది గంటల గాలి రైతుల అనేక సంవత్సరాల శ్రమను హరించినట్లయింది.

పొందూరు సన్న ఖద్దరు దేశఖ్యాతి పొందినది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచడం ఇక్కడి నేతపనిలోని విశేషం. బుడితి గ్రామం ఇత్తడి పాత్రలకు పేరొందింది.

ప్రజలు

మైదాన ప్రాంతాలలో తెలుగు, సరిహద్దు గ్రామాలలో ఒడియా, కొండ ప్రాంతాలలో సవర భాష వినిపిస్తాయి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు, సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు వెంకట రామమూర్తి 1863లో ఈ జిల్లాలోని పర్వతాలపేటలో జన్మించారు. శ్రీముఖలింగం, అరసవల్లి, శ్రీకూర్మం ప్రసిద్ధ పుణ్యక్షేత్రాలు.

పొడవైన తీరమున్నప్పటికీ దీర్ఘకాలం చేపలరేవు కొరవడినందున అనేకమంది మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వలస వెళ్లి, అక్కడి మరపడవలపై కూలికి పనిచేస్తున్నారు.

ఉద్దానం తాగునీరు

దశాబ్దాలుగా ఉద్దానం ప్రజలను మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. బాధితులలో అధికులు రైతులు, వ్యవసాయ కూలీలు. అనేక అధ్యయనాలు జరిగినప్పటికీ వ్యాధికి ఏకైక కారణం నిర్ధారణ కాలేదు. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు అందించే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు పొలాలకే పరిమితమైన వంశధార జలాలు ఉద్దానం ఇళ్లకు నిరంతరాయంగా చేరడం, వ్యాధిని తొలిదశలోనే గుర్తించి చికిత్స అందించడం ఈ ప్రాంత భవిష్యత్తుకు అత్యంత కీలకం.