అమ్మమ్మ చెప్పిన కథ, అయోవాలో నేర్చిన పాఠం

“రాయడం ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?” అని పాఠకురాళ్లు అడిగినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నేర్చుకోవడమేమిటి! కాలేజీలో మాకు చరిత్ర చెప్పారు, తెలుగు చెప్పారు. కథ రాయడం మాత్రం ఎవరూ చెప్పలేదు. పత్రికల నుంచి తిరుగు టపాలో వచ్చిన కథలే నా పంతుళ్లు. ‘పుట్టుకవి’ అన్న మాట మనకి ఊరికే రాలేదు కదా. అయినా పదకొండో శతాబ్దంలోనే కాశ్మీర కవి క్షేమేంద్రుడు, కవి కావాలనుకున్నవాడు ఏమేం చెయ్యాలో చెబుతూ ‘కవికంఠాభరణం’ అని ఓ పుస్తకం రాసిపెట్టాడనుకోండి. క్లాసులో కూర్చోబెట్టి కథలూ కవితలూ రాయించి, చివర డిగ్రీ చేతికివ్వడంలో పేరు మోసింది మాత్రం అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం.

అయోవా అంటే ఆ దేశం నడిబొడ్డున మొక్కజొన్న చేల రాష్ట్రం. 1922లో అక్కడి విశ్వవిద్యాలయం ఓ సాహసం చేసింది. పరిశోధన వ్యాసానికి బదులు సొంతంగా రాసిన కవిత్వమో, కథలో ఇచ్చినా పై డిగ్రీకి చెల్లుతాయంది. 1936లో ‘రైటర్స్ వర్క్‌షాప్’ వెలిసింది. వర్క్‌షాప్ అంటే మనకి లారీలు విప్పి బాగుచేసే షెడ్డు గుర్తొస్తుంది. ఇక్కడా జరిగేది అదే! ఒకరి కథకి నకళ్లు తీసి అందరికీ పంచుతారు. తలా ఒక మర విప్పుతారు. రాసిన మనిషి మాత్రం నోరు మెదపకుండా వినాలి, కాపరానికొచ్చిన కొత్తకోడల్లా. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కొన్నేళ్లు ఈ క్లాసులు నిజంగానే నది ఒడ్డున మిలిటరీ రేకుల షెడ్లలో జరిగాయి.

ఆ క్లాసుకి 1939లో మార్గరెట్ వాకర్ అనే ఇరవై నాలుగేళ్ల నల్లజాతి అమ్మాయి వచ్చింది. తండ్రి పాస్టర్, తల్లి సంగీతం టీచరు. నల్లవాళ్లకి అప్పట్లో అక్కడి హాస్టల్లో చోటు లేదు. తర్వాత గొప్ప శిల్పి అయిన ఎలిజబెత్ కాట్లెట్, తనూ కలిసి బయట గది తీసుకున్నారు.

మార్గరెట్ చిన్నప్పుడు రాత్రిళ్లు అమ్మమ్మ కథలు చెప్పేది. రాజూ రాణీ కథలు కావు. ఆ అమ్మమ్మని కన్నతల్లి జార్జియాలో బానిసగా బతికిన రోజుల కథలు. పసిపిల్లకి ఇంత రాత్రివేళ ఆ భయంకరమైన కథలేమిటని ఇంట్లోవాళ్లు కోప్పడితే, “కథలు కావు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను” అనేదట ఆవిడ. పెద్దయ్యాక దీన్ని పుస్తకంగా రాస్తానని మనవరాలు మాటిచ్చింది. పంతొమ్మిదో ఏట కాలేజీలో మొదలుపెట్టింది కూడా. మూడు వందల పేజీలు రాసి, బాగాలేదని తనే పక్కన పెట్టేసింది.

అయోవాలో గురువు పాల్ ఎంగిల్ ఆ అమ్మాయిని జానపద గాథల వైపు నడిపించాడు. ఊరి మంత్రగత్తెలూ, మొండి వీరులూ పాటల్లాంటి కవితల్లోకి వచ్చారు. 1940లో ఆ కవితలే ఎమ్మే థీసిస్ అయ్యాయి. 1942లో ‘ఫర్ మై పీపుల్’ పేరుతో యేల్ విశ్వవిద్యాలయం బహుమతి తెచ్చుకున్నాయి.

తర్వాతి కథ మనకి తెలిసిందే. 1943లో పెళ్లి. నలుగురు పిల్లలు. జాక్సన్ కాలేజీలో ఉద్యోగం. సెలవు దొరికితే పాత కాగితాలు తిరగెయ్యడం, ముత్తవ్వ బతికిన చోట్లు వెతుక్కుంటూ వెళ్లడం. విషయం కొండలా పేరుకుపోయింది, నవల మాత్రం కదల్లేదు.

1961 వేసవిలో ఆవిడ మళ్లీ అయోవా వెళ్లింది, ఈసారి వచన రచన క్లాసుకి. నలభై ఆరో ఏట, తన విద్యార్థుల వయసువాళ్ల పక్కన కూర్చుని! కవిత్వం చేతిలో ఉంది, చరిత్ర కంఠతా వచ్చు. అయితే జరిగినదాన్ని వివరించడం వేరు, కళ్లెదుట జరిపించడం వేరు. ఆ కిటుకు పట్టుబడింది ఈ క్లాసులో, కాసిల్ అనే గురువు దగ్గర. 1965లో ఆ నవలే డాక్టరేటు థీసిస్ అయింది. 1966లో ‘జూబిలీ’గా అచ్చయ్యేసరికి ఆవిడకి యాభై దాటాయి.

‘గాన్ విత్ ద విండ్’ మనలో చాలామంది చదివిందే, సినిమా చూసిందే. ఆ జార్జియా, ఆ యుద్ధమే ‘జూబిలీ’లోనూ ఉన్నాయి. కాకపోతే అక్కడ దొరసాని పక్కనుంచి చూస్తాం, ఇక్కడ వంటింట్లోంచి. నాయిక వైరీ ఆ ఇంటి వంటమనిషి. యజమానికి బానిస స్త్రీ వల్ల పుట్టిన కూతురే, ఆ యజమానికే వండిపెడుతుంది. నన్నడిగితే ఇదే పెద్ద నవల.

క్లాసు లేకపోతే ఇది వచ్చేది కాదా? వచ్చేదేమో. కాని నలుగురు పిల్లల తల్లి ‘నవల రాసుకోవాలి’ అంటే ఏ ఇల్లు వదులుతుంది? ‘డాక్టరేటుకి చదవాలి’ అంటే వదులుతుంది. క్లాసుల వల్ల అదో లాభం, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నా దగ్గరా అమ్మమ్మ చెప్పిన కథొకటి ఉంది. బియ్యే చదివే రోజుల్లో నలభై పేజీలు రాసి ఆపేశాను. మొన్న ‘జూబిలీ’ ముగించాక ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ నోట్‌బుక్ తీశాను. నలభై పేజీల్లో అమ్మమ్మ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. అంతా నేనే మాట్లాడేశాను.