సైటు ఎవరికి, విజన్ ఎవరికి?

ఇంగ్లీషులో ‘సైట్’ అంటే కంటిచూపు. తెలుగులో ‘ఆ అమ్మాయికి సైటుంది’ అంటే చూపు సరిగ్గా లేదని. షార్ట్ సైట్, లాంగ్ సైట్ అన్న మాటల్లో ముందు ముక్క రాలిపోయి, మిగిలిన సగమే జబ్బు పేరయింది. చీడికాడలో అడిగినా, చోడవరంలో అడిగినా, విశాఖపట్నంలో అడిగినా ఇదే అర్థం చెబుతారు. అదే మాట మగపిల్లల నోట ‘సైటు కొట్టడం’ అయితే అందులో లోపం ఊసే లేదు. ఆమెకి ఉంటే లోపం, అతను కొడితే సరదా. నిఘంటువు రాసేవాళ్ళు ఈ రెండర్థాల్నీ ఒకదాని కింద ఒకటి వేసి ఊరుకోవచ్చు. మనం ఊరుకోలేం.

నెపం ఇంగ్లీషు మీద వెయ్యడం తేలికే గానీ, ఈ తేడా మన భాషలో ముందునుంచీ ఉంది. సంస్కృత ‘దృష్టి’ తెలుగు నోట ‘దిష్టి’ అయింది. పండితుల దగ్గర ఉండిపోయిన ధాతువు నుంచి దృక్పథం, దృక్కోణం, దార్శనికుడు పుట్టాయి. ఇళ్ళల్లో తిరిగిన తద్భవం మాత్రం ఉప్పూ మిరపకాయల పాలయింది. దిష్టి ఎవరికళ్ళయినా పెట్టొచ్చంటారు. కానీ శుభకార్యాల్లో తలుపు చాటుకి పంపింది భర్త పోయినామెనీ, పిల్లలు లేనామెనీ. ఆమె చూస్తేనే కీడు.

అచ్చ తెలుగు ‘చూపు’ ఇంకా చిత్రమైనది. నామవాచకమైతే చూడటం, క్రియ అయితే చూపించడం. పెళ్ళిచూపుల్లో మొదటి అర్థం అబ్బాయిది, రెండోది అమ్మాయిది. అతను ‘చూసుకోడానికి’ వస్తాడు, ఆమెని ‘కూర్చోబెడతారు’. సైటున్న పిల్లని కళ్ళజోడు తీసేసి కూర్చోమనడం మనమెరిగిందే. ఎదుటి మనిషి మొహం ఆమెకి మసగ్గా కనపడినా ఎవరికీ ఫరవాలేదు!

ఇంగ్లీషులో చూపుకి మాటలెక్కువ. సీ, సైట్ పాత ఇంగ్లీషువి. వ్యూ, విజన్ లాటిన్ ‘విదేరే’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చాయి. ఆ లాటిన్ ధాతువూ, వేదం, విద్య పుట్టిన మన ‘విద్’ ధాతువూ ఒకే మూలానివి. అక్కడ చూడటం, ఇక్కడ తెలుసుకోవడం. అందుకేనేమో విజన్‌కి పెద్దరికం దక్కింది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భవిష్యత్తు గురించి వేసిన పత్రానికి ‘విజన్ 2020’ అని పేరు పెట్టుకుంది. విజన్ ఏలినవారికి, సైటు ఆడపిల్లకి.

1975లో లారా మల్వీ సినిమా మీద రాసిన వ్యాసంతో ‘మేల్ గేజ్’ స్త్రీవాదుల మాటయింది. తెలుగులో జయప్రభకి ‘చూపులు’ అన్న బహువచనం చాలింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండో సంపుటంలో ఆ కవిత పేరుని ‘స్టేర్స్’ అని ఇంగ్లీషు చేశారు. ‘లుక్స్’ అంటే అందచందాలయిపోతాయి, ‘గేజ్’ అంటే సిద్ధాంతం వాసన. స్టేర్స్ దగ్గరి మాటే. కానీ తెలుగు మాట వెంట వచ్చే పెళ్ళిచూపులు అందులోకి రాలేదు. ఆ కవితలో స్త్రీ కళ్ళు దించుకోదు, చూపుకి చూపుతోనే జవాబిస్తుంది. దిష్టి అని బెదిరించి దించిన కళ్ళే అవి.

‘గేజ్’కి ‘వీక్షణ’ అనే మాట నాకు మింగుడుపడదు. సూర్యోదయాన్ని వీక్షిస్తాం, ఉత్సవాన్ని వీక్షిస్తాం. బస్సులో వీపుకి గుచ్చుకునేవి మాత్రం చూపులే.