రైలు టిక్కెట్టు కథ: అట్టముక్క నుండి తాకుడుకార్డు వరకు

రైలెక్కే వానికి టిక్కెట్టు చాల చిన్న వస్తువు. దిగిన స్టేషనులో దానిని ఇచ్చివేసి మరచిపోతాడు. రైల్వే వారికి మాత్రం అది చిన్నది కాదు. ప్రయాణికుడు సొమ్ము చెల్లించినాడనడానికి అది సాక్ష్యం. ఆ సొమ్ము అమ్మినవాని జేబులో నిలిచిపోక ఖజానాకు చేరినదనడానికి అదే లెక్క. ఈ సాక్ష్యాన్ని ఎవరు పరిశీలించాలి? ఎంత వేగంగా పరిశీలించాలి? ఇందులో ఎవరిని ఎంతవరకు నమ్మాలి? ఈ మూడు ప్రశ్నలకు మానవుడు వెదకిన సమాధానాలే టిక్కెట్టు చరిత్ర.

వడ్రంగి చేసిన ఉపాయం

తొలినాటి ఇంగ్లండు రైళ్లలో గుర్రపుబండ్ల కాలపు పద్ధతే సాగేది. గుమాస్తా ప్రతి ప్రయాణికునికి కాగితంపై చేతితో వివరాలు వ్రాసి ఇచ్చేవాడు. దీనికి కాలం పట్టేది. అంతకన్న చిక్కేమంటే, గుమాస్తా ఎన్ని కాగితాలు వ్రాసినాడో, ఎంత సొమ్ము పుచ్చుకొన్నాడో సరిచూచే మార్గం సరిగా ఉండేది కాదు.

థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఆయన కొయ్యసామాను చేసే పనివాడు. వ్యాపారంలో దివాలా తీసి, 1836లో న్యూకాసిల్–కార్లైల్ రైలుమార్గంలో మిల్టన్ అనే చిన్న స్టేషనుకు అధికారిగా చేరాడు. ఆయన దళసరి అట్టను చిన్న ముక్కలుగా కోసి, ఊరిపేర్లు ముందే అచ్చువేసి, ప్రతి ముక్కకు వరుససంఖ్య ఇచ్చాడు. తేదీ గుద్దడానికి ఒక యంత్రం కూడ తయారు చేశాడు. సాయంకాలం దొంతరలో మిగిలిన మొదటి టిక్కెట్టు సంఖ్య చూచి, ఉదయపు సంఖ్యను దానినుండి తీసివేస్తే ఎన్ని అమ్ముడైనవో తేలిపోతుంది. ఆ లెక్కకు సరిపడు సొమ్ము గల్లాలో ఉండాలి.

ఈ ఉపాయం అనేక దేశాలకు వ్యాపించినది. భారతీయ రైల్వేలలో కూడ అట్టటిక్కెట్లు ఒక శతాబ్దానికి పైగా చెలామణి అయి, కంప్యూటరు టిక్కెట్లు వచ్చిన తరువాతనే మూలబడినవి. అయితే ఎడ్మండ్‌సన్ పరిష్కరించినది అమ్మకపు లెక్కను మాత్రమే. ద్వారం వద్ద టిక్కెట్టును చూచి, కత్తెరతో గంటుపెట్టే పని మనిషికే మిగిలినది.

ఒసాకాలో యంత్రద్వారం

రెండవ ప్రపంచయుద్ధానంతరం జపానులో నగరాలు విపరీతంగా పెరిగినవి. ఉదయం, సాయంకాలం స్టేషను ద్వారాల వద్ద జనం వరదవలె వచ్చేవారు. ఎంత చురుకైన ఉద్యోగి అయినా రెప్పపాటులో ప్రతి టిక్కెట్టునూ చదివి, అది ఎక్కడికో, చెల్లుతుందో చెల్లదో నిర్ణయించడం కష్టం.

తతేయిషి ఎలక్ట్రిక్ అనే సంస్థ (నేటి ఆమ్రాన్), కింటెట్సు రైల్వే, ఒసాకా విశ్వవిద్యాలయం ఈ సమస్యపై పరిశోధన సాగించినవి. దాని ఫలితంగా 1967లో ఒసాకా సమీపాన హాంక్యూ రైల్వేకు చెందిన కితాసెన్రి స్టేషనులో యంత్రద్వారాలు వెలసినవి. టిక్కెట్టు వెనుక పూసిన అయస్కాంతపు పూతలో వివరాలు నమోదై ఉంటాయి. టేపురికార్డరు పాటను చదివినట్లే యంత్రం వాటిని చదువుతుంది.

జపాను ద్వారాలలో గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. వాటి తలుపులు మామూలుగా తెరచియే ఉంటాయి. తప్పు కనిపించినప్పుడే మూసుకొంటాయి. వచ్చేవారిలో అత్యధికులు నిజాయితీగా సొమ్ము చెల్లించినవారే గనుక, ఒకని కొరకు వందమందిని ఆపరాదనేది ఇందలి సూత్రం.

అయినా అయస్కాంతపు టిక్కెట్టుకు లోపాలున్నవి. సంచి వెదకి దానిని బయటకు తీసి యంత్రంలో దూర్చాలి. లోపల దానిని లాగుకొనిపోయే పట్టీలు, చక్రాలు అరిగిపోతాయి, కాగితం ఇరుక్కొంటుంది. కదిలే భాగాలున్నంత వరకు మరమ్మతు తప్పదు.

తీగచుట్టల సంభాషణ

దీనికి విరుగుడు 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణలో ఉన్నది. ఒక తీగచుట్టలో విద్యుత్తు మారుతూ ఉంటే, సమీపాన ఉన్న మరొక చుట్టలో తాకకుండానే విద్యుత్తు పుడుతుంది.

ద్వారం మీది యంత్రంలో ఒక తీగచుట్ట, కార్డులో కాగితమంత పలుచని మరొక తీగచుట్ట ఉంటాయి. యంత్రపు చుట్టలో విద్యుత్తు సెకనుకు 1,35,60,000 సార్లు ఊగుతుంది. కార్డు దగ్గరకు రాగానే దాని చుట్టలో విద్యుత్తు ప్రేరితమై, లోపలి సిలికాన్ చిప్పును మేల్కొలుపుతుంది. కార్డుకు బ్యాటరీ అక్కర లేదు. దానికి ఆహారమిచ్చేది యంత్రమే. చిప్పు తాను తీసుకొనే విద్యుత్తును హెచ్చించి, తగ్గించి బదులు చెబుతుంది. ఆ హెచ్చుతగ్గులు యంత్రపు చుట్టలో తెలుస్తాయి. దూరం పెరిగిన కొలది ఈ అయస్కాంత క్షేత్రం అతివేగంగా క్షీణిస్తుంది గనుక, సంభాషణ సుమారు పది సెంటీమీటర్ల లోపలనే సాగుతుంది. పక్కవాని కార్డు పొరపాటున చదువబడకుండా ఈ పరిమితి కూడ తోడ్పడుతుంది.

సోనీ సంస్థ రూపొందించిన ఫెలికా అనే చిప్పుతో హాంకాంగులో 1997 సెప్టెంబరు 1న ఆక్టోపస్ కార్డు మొదలైనది. జపానులో తూర్పు జపాను రైల్వే సంస్థ 2001 నవంబరు 18న టోకియో ప్రాంతపు 424 స్టేషన్లలో సుయికా కార్డును ప్రవేశపెట్టినది. కార్డును గుర్తించి, నిలువ చూచి, కొత్త నిలువ వ్రాయడం అంతా సుమారు 0.2 సెకనులో ముగియాలి. నడుమ కార్డు తొలగిపోతే సగం వ్రాత మిగలరాదు. పూర్తిగా వ్రాయాలి, లేదా పాత లెక్కనే నిలుపుకోవాలి.

ఇక్కడ చిక్కు తెచ్చినది విద్యుత్తు కాదు, మనిషి చేయి. తొలి పరీక్షలలో కొందరు కార్డును దూరంగా ఆడించి వెళ్లిపోయారు. కొందరికి ఎక్కడ చూపాలో తెలియలేదు. రూపశిల్పి షుంజి యమనాక చదివే పలకను పడుకోబెట్టక, ప్రయాణికుని వైపుకు సుమారు 13 డిగ్రీలు వాల్చి, దీపం వెలిగే విధంగా అమర్చాడు. చేయి దానంతట అదే అక్కడికి పోసాగినది. పైగా కార్డును ‘చూపండి’ అనక, ‘తాకించండి’ అని చెప్పారు. తాకవలసిన అవసరం చిప్పుకు లేదు. తాకించమంటేనే మనిషి చేయి క్షణకాలం నిలుస్తుంది.

రహస్యం ఎక్కడ ఉండాలి?

కార్డులో సొమ్ము ఉన్నది గనుక దొంగల భయమూ ఉన్నది. 1994లో వెలువడిన మైఫేర్ క్లాసిక్ చిప్పు ఎన్నో నగరాల రవాణా కార్డులలో చేరినది. దాని గూఢలిపి విధానాన్ని తయారీదారులు రహస్యంగా ఉంచారు. 2008లో హాలండు దేశపు నైమేకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ రహస్యాన్ని ఛేదించి, కార్డుకు నకలు చేయవచ్చునని చూపారు. ఆ వ్యాసం ప్రచురింపరాదని సంస్థ న్యాయస్థానానికి వెళ్లినది, న్యాయస్థానం అంగీకరించలేదు. విచిత్రమేమంటే, విధానం శత్రువుకు తెలిసినా తాళపుచెవి ఒక్కటే రహస్యంగా ఉంటే చాలునట్లు గూఢలిపి ఉండాలని 1883లోనే చెప్పిన ఆగస్టు కెర్కాఫ్స్ హాలండులో పుట్టినవాడే.

రెండవ భయం మరొక రకమైనది. ఎడ్మండ్‌సన్ అట్టముక్కకు తన సంఖ్య తెలుసు గాని, తనను పట్టుకొన్నవాడెవరో తెలియదు. కార్డు అట్లు కాదు. ఏ స్టేషనులో, ఏ వేళకు ప్రవేశించినదీ, ఎక్కడ దిగినదీ లెక్క మిగులుతుంది. 2013లో తూర్పు జపాను రైల్వే సంస్థ, పేర్లు తొలగించిన సుయికా ప్రయాణ వివరాలను హిటాచీ సంస్థకు అమ్మినది. ప్రయాణికులకు ముందుగా తెలుపలేదని తీవ్రమైన విమర్శ వచ్చినది. రైల్వే సంస్థ ఆ పనిని నిలిపివేసినది. పేరు లేకపోయినా, రోజూ ఒకే వేళకు ఒకే రెండు స్టేషన్ల మధ్య తిరిగేవానిని పోల్చుకోవడం అసాధ్యం కాదు.

మన దేశంలో ఢిల్లీ మెట్రో 2002లో తాకుడు టోకెన్లు, కార్డులతోనే ఆరంభమైనది. 2017లో హైదరాబాదు మెట్రో ప్రారంభమైనప్పుడు తెలుగు ప్రయాణికులకు కూడ ఇవి నిత్యవస్తువులైనవి. పలకపై కార్డు తాకించినప్పుడల్లా ఫారడే తీగచుట్టలు మరల పలుకుతున్నవి.

ఎడ్మండ్‌సన్ లెక్క గుమాస్తాపై కాపలాగా పుట్టినది. నేటి లెక్క ప్రయాణికునిపై కూడ కాపలా కాగలదు. వేగమనే ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం చక్కని సమాధానమిచ్చినది. ఎవరిని ఎంతవరకు నమ్మాలనే ప్రశ్నకు సమాధానం చిప్పులో లేదు. ఆ లెక్కను ఎవరు ఎంతకాలం దాచవచ్చునో, ఎవరికి చూపవచ్చునో చట్టం చెప్పాలి, చెప్పించుకోవలసినవారు ప్రయాణికులే.