సెల్ఫ్ తిరిగినను ఇంజను మేల్కొనదేల?



కారునెక్కి తాళపుచెవి త్రిప్పుదుము. సెల్ఫ్ గిర్రున తిరుగును. ఇంజను మాత్రము మేల్కొనదు. మరల త్రిప్పుదుము, మరల నదియే ధ్వని. బ్యాటరీ నీరసించువఱకు నిట్లు త్రిప్పుచుండుటయే మనలో పెక్కుమంది యెఱిగిన చికిత్స. ఈ చిక్కునకొక చరిత్ర కలదు. అది తెలిసినచో చికిత్సాక్రమమును బోధపడును. నేను బడిపంతులుగా జీవితము గడపినవాఁడను. చదివినది తర్కశాస్త్రము. ఈ విషయమున తర్కమునకును పని కలదని తోఁచి యీ ప్రసంగమునకు పూనుకొంటిని.

కుండ పుట్టుటకు మన్ను, చక్రము, దండము, కుమ్మరి కావలెను. వీనిలో నొక్కటి కొఱవడినను కుండ పుట్టదు. ఇట్లన్నియు కూడియుండుటను తార్కికులు కారణసామగ్రి యందురు. పెట్రోలు ఇంజనునకును నట్టి సామగ్రి కలదు. గాలితో తగుపాళ్ల కలిసిన యింధనము, దానిని సిలిండరులో నదిమిపట్టు నొక్కుడు, తగిన క్షణమున నిప్పురవ్వ — ఈ మూఁడు కావలెను. సెల్ఫ్ తిరుగుట వీనికి సహాయము మాత్రమే.

ఈ మూఁడును ఒక్కనాఁడు సమకూడినవి కావు. 1860లో పారిస్ నగరమున లెన్వార్ చేసిన గ్యాసు ఇంజనున విద్యుత్తు రవ్వ కలదు. ముందుగా నదిమిపట్టుట లేదు. 1876లో జర్మనీదేశమున నికొలాస్ ఓటో నిర్మించిన ఇంజనున నొక్కుడు కలదు. నిప్పు మాత్రము గ్యాసు జ్వాలనుండి వచ్చెడిది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూఁడు చక్రముల బండియందు తేలిక నూనె ఆవిరి, నొక్కుడు, విద్యుత్తు రవ్వ కలిసి పనిచేసినవి.

1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, తన యిరువురు కుమారులతో, మాన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌నకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము ఆ బండిపై వెళ్లెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనఁగా టోపీ సూదితో శుభ్రము చేసెననియు, రవ్వనిచ్చు తీగ యొరసికొనిపోఁగా మేజోడు పట్టీ చుట్టెననియు చెప్పుదురు. చూడుఁడు, ఒకటి ఇంధనదోషము, రెండవది రవ్వదోషము! నేఁటి మెకానిక్కు మొట్టమొదట వెదకునవియు నీ రెండే.

ఆనాఁడు ఇంజనును చేతితో త్రిప్పవలసియుండెను. ఒక్కొక్కప్పుడు హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విఱిచెడిది. ఈ యాపదను తొలగించినవాఁడు అమెరికాదేశీయుఁడు చార్లెస్ కెట్టరింగ్. అతని విద్యుత్ సెల్ఫ్ స్టార్టరు 1912 నాఁటి కాడిలాక్ కార్లలో వచ్చెను. మన మెకానిక్కులు 'సెల్ఫ్' అను మాట ఆ పేరులోని తొలి ముక్కయే. మన యంబాసిడరు కార్లకు సెల్ఫ్ ఉన్నను, హ్యాండిలు కొట్టుట చూచినవారు మీలో ననేకు లుందురు.

మేలు గొప్పదియే, కాని దానితో నొక యెఱుక పోయినది. హ్యాండిలు త్రిప్పువాని చేతికి నొక్కుడు బరువు తెలిసెడిది. చేయి తేలికగా తిరిగినచో లోన లోపము కలదని యతఁడు గ్రహించెడివాఁడు. నేఁడు ఆ యెఱుకను చెవితో సంపాదింపవలెను. సెల్ఫ్ ఎన్నఁడును లేనంత తేలికగా, వేగముగా తిరిగినచో టైమింగ్ బెల్టు తెగినదేమో యని శంకింపవలెను, అప్పుడిఁక త్రిప్పరాదు.

'సెల్ఫ్ తిరుగుచున్నది, కావున బ్యాటరీ బాగున్నది' యనుట హేత్వాభాసము. సెల్ఫును రవ్వయు నొక బ్యాటరీనే యాశ్రయించియున్నవి. నీరసించిన బ్యాటరీ మందముగా త్రిప్పఁగలదు గాని తగిన రవ్వ నీయలేకపోవచ్చును.

ఇఁక క్రమము వినుఁడు. మొదట ట్యాంకులో పెట్రోలున్నదా? తాళము త్రిప్పఁగనే పంపు సన్నగా మ్రోఁగుచున్నదా? పెక్కుమాఱులు త్రిప్పిన పిమ్మట ప్లగ్గు విప్పించి చూడవలెను. అది పొడిగా నున్నచో ఇంధనము రాలేదని యూహింపవచ్చును. తడిసి పెట్రోలు వాసన కొట్టుచున్నచో ఇంధనము వచ్చినది. రవ్వ లేదు, లేదా ఇంధనమే మితిమీఱినది. రెండును సరిగా నున్నచో నొక్కుడును, రవ్వ సమయమును పరీక్షింపవలెను. పెట్రోలు వాసన గలచోట రవ్వపరీక్ష ప్రాణాపాయము; అది నేర్చినవాని పని.

నేఁటి కార్లలో కార్బురేటరు, పాయింట్లు పోయి ఇంజెక్టర్లు, సెన్సర్లు వచ్చినవి. క్రాంకు తిరుగుటను గుర్తించు సెన్సరు చెడినను, తాళపుచెవిని కారు గుర్తింపకున్నను ఇంజను మేల్కొనకపోవచ్చును. అయినను ఆ సెన్సర్లన్నియు సేవించునది పాత మూఁడింటినే.

కావున సెల్ఫ్‌ను కొన్ని క్షణములు మాత్రమే త్రిప్పి, నిలిపి, సామగ్రిలో కొఱవడిన దేదియో విచారింపుఁడు. విచారింపక యొకదాని పిమ్మట నొక భాగమును మార్పించువాఁడు, మన్ను లేదని చూడక చక్రమును మార్చిన కుమ్మరి వంటివాఁడు. ధనము పోవును, కుండ మాత్రము రాదు.