లేనివాళ్ళ మీద చట్టం ఎందుకు చేశారు?

ఈరోజు టాపిక్ స్వలింగ ప్రేమ. వినగానే కొందరి వేలు స్క్రీన్ మీదకి వెళ్తది, తెలుసు. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.

మా గల్లీల్లో ఈ మాట ఎత్తితే రెండే జవాబులు. ఒకటి, "ఇది ఫారిన్ నుంచి వచ్చింది, మన దగ్గర ఎక్కడిది?" రెండోది, "మన మతం ఒప్పుకోదు." నిజాం రైల్వే వాళ్ళు 1893లో వర్క్‌షాప్ పెట్టినప్పటి నుంచి లాలాగూడకి అన్ని మతాలవాళ్ళూ వచ్చి బతికారు. గుడికి పోయేవాళ్ళు, మసీదుకి పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు మిగతా విషయాల్లో ఎంత వాదించుకున్నా, ఇక్కడ మాత్రం ఒకే మాట మీదుంటారు. సరే, ఆ రెండు జవాబుల్నీ చరిత్ర ముందు పెట్టి చూద్దాం.

ముందు ఫారిన్ సంగతి. ఇంగ్లండ్‌లో ఇది మొదట చర్చి కోర్టులు చూసుకునే పాపం. 1533లో ఎనిమిదో హెన్రీ రాజు దాన్ని మరణశిక్ష పడే నేరం చేశాడు. అదే ఆలోచన 1860లో మన ఐపీసీలో 377వ సెక్షన్‌గా దిగింది. "ప్రకృతి విరుద్ధం" అని పేరు పెట్టి, యావజ్జీవ శిక్ష దాకా రాశారు. అంటే ఓడెక్కి వచ్చింది ప్రేమ కాదు, ఆ శిక్ష. ఇంగ్లండ్ 1967లోనే తన చట్టాన్ని సడలించుకుంది. మనం మాత్రం దాన్ని మన సంస్కృతి అనుకుని 2018 దాకా మోసినం.

అలాగని పాతకాలమంతా బంగారం అని నేను చెప్పను. మనుస్మృతిలో మగవాళ్ళ మధ్య సంబంధానికి బట్టలతో స్నానం చేయడం ప్రాయశ్చిత్తం. ఆడవాళ్ళ విషయంలో మాత్రం శిక్షలు కఠినంగా ఉన్నాయి. ఇస్లాం న్యాయశాస్త్రం, బైబిల్ వాక్యాలు చూపించి తప్పు అనేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. కానీ అదే దక్కన్ నేల మీద, 18వ శతాబ్దంలో, సిరాజ్ ఔరంగాబాదీ అనే సూఫీ కవి ఒక యువకుడి మీద తన ప్రేమ గురించి "బోస్తాన్-ఎ-ఖయాల్" అనే పెద్ద కావ్యమే రాశాడు. ఆయన్ని జనం మరిచిపోలేదు. గజళ్ళు ఇప్పటికీ పాడుతున్నారు. మతం లోపల కూడా ఎప్పుడూ ఒకే గొంతు లేదన్నమాట.

ఇప్పుడు మన హైదరాబాద్ సంగతికి వద్దాం. 1919లో, ఫసలీ లెక్కలో 1329లో, నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు 1871లో చేసిన చట్టం లాంటిదే. నగరంలో ఉన్న "నపుంసకుల" పేర్లు, ఇళ్ళ అడ్రసులు రిజిస్టర్‌లో రాయాలి. అలా పేరెక్కిన మనిషి చీర కట్టి, నగలు పెట్టి వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారెంట్ లేకుండానే అరెస్ట్. రెండేళ్ళ దాకా జైలు.

హిజ్రాలూ స్వలింగ ప్రేమికులూ ఒకటే కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి. కానీ ఆ చట్టం ఇద్దర్నీ ఒకే గాటన కట్టింది. "అసహజ నేరాలు" చేస్తారన్న అనుమానం చాలు, పేరు రిజిస్టర్‌కి ఎక్కేది. ఇప్పుడు నా ప్రశ్న: అలాంటి మనుషులు మన దగ్గర లేకపోతే, ఈ రిజిస్టర్ ఎవరి కోసం? లేనివాళ్ళ మీద ఎవరైనా చట్టం చేస్తారా?

ఆ చట్టం నిజాం పోయినా పోలేదు, రాష్ట్రాలు మారినా పోలేదు. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మోగ్లి, ఇంకొందరు హైకోర్టుకి వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధం అని కొట్టేసింది. నూరేళ్ళు దాటాక!

377 కథ కూడా అంతే. 2009లో ఢిల్లీ హైకోర్టు సడలిస్తే, సుప్రీంకోర్టుకి అప్పీలుకి వెళ్ళినవాళ్ళలో ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉంది, క్రైస్తవ సంఘాలు ఉన్నాయి, ఒక హిందూ జ్యోతిష్కుడూ ఉన్నాడు. మా గల్లీ ఐక్యత ఢిల్లీలో కూడా కనిపించింది! 2013లో వాళ్ళే గెలిచారు. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఆ తీర్పుని తిప్పేశారు. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ సంబంధం ఇక నేరం కాదు.

మరి పెళ్ళి? ఆ కేసులో మొదటి పేరు మన హైదరాబాద్ జంటదే: సుప్రియో, అభయ్. 2021లో పెద్దల ముందే వేడుక చేసుకున్నారు. చట్టం కూడా గుర్తించాలని కోర్టుకెళ్ళారు. కేంద్రం దీన్ని "నగరాల్లోని కలిగినవాళ్ళ" ఆలోచన అంది. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు కుదరదంది. కలిగినవాళ్ళ వ్యవహారమా? 1919 చట్టం పట్టుకోమన్నది వీధుల్లో ఆడి పాడి పొట్ట పోసుకునేవాళ్ళని. వాళ్ళల్లో జమీందార్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

బోనాలప్పుడు చూడండి. చీర కట్టి, పసుపు రాసుకుని, బోనమెత్తిన శివసత్తుల్లో ట్రాన్స్ మహిళలూ ఉంటారు. దేవత పూనింది అని కాళ్ళ మీద నీళ్ళు పోసి మొక్కుతం. మర్నాడు అదే మనిషి కిరాయికి ఇల్లు అడిగితే? "ఫ్యామిలీలకే ఇస్తం" అంటం. దేవుడి దగ్గర లేని అభ్యంతరం మన గడప దగ్గర వస్తది.

మీ నమ్మకం మార్చుకోమని నేను అనట్లే. నమ్మకం మీది. కానీ "మన దగ్గర ఎప్పుడూ లేదు" అనే మాట మాత్రం వదిలేయండి, అది చరిత్రకి నిలవదు. ఈ వీడియో చూసేవాళ్ళలోనే ఇంట్లో చెప్పలేక నలుగుతున్నవాళ్ళు ఉంటారు. రేపు మీ తమ్ముడో, చెల్లో, ఫ్రెండో భయపడుకుంటూ మీతో నోరు విప్పితే, ముందు కూర్చోబెట్టి వినండి. కోర్టులు చేయగలిగింది కోర్టులు చేస్తాయి. ఇంట్లో వినాల్సింది మనమే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.